మూడు నెలలకో ఇల్లు, రెండు మందుల సంచులు: ఒక రిటైర్డ్ కండక్టర్ కేసు

"నాన్నగారికి మతి పోతోందండీ. మొన్న హైదరాబాదులో తమ్ముడింట్లో బాల్కనీలో మూత్రం పోసేశారు." పెద్దబ్బాయి ఈ మాట చెబుతున్నంతసేపూ ఆ తండ్రి పక్క కుర్చీలోనే కూర్చుని గోడవైపు చూస్తున్నారు. తన గురించే మాట్లాడుతున్నారన్న కదలిక మొహంలో ఎక్కడా లేదు. దాన్ని కూడా నేను జబ్బు లక్షణాల్లోనే రాసుకున్నాను. ఈయనకి అసలు వినపడుతోందా అన్న అనుమానం ఆ రోజు నాకు రాలేదు. ఈ కేసు రాయడానికి సగం కారణం అదే.

నేను భీమవరం ప్రాంతంలో ప్రాక్టీసు చేసే ఫిజీషియన్‌ని. వృద్ధుల వైద్యంలో విడిగా డిగ్రీ లేదు గానీ, నా ఓపీకి వచ్చేవాళ్లలో సగానికి పైగా అరవై దాటినవాళ్లే. ఆయన, ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

మనిషి

2022 అక్టోబరులో మొదటిసారి వచ్చేటప్పటికి ఆయనకు 74 ఏళ్లు. చదువు ఎనిమిదో తరగతి. ఆర్టీసీలో 31 ఏళ్లు కండక్టరుగా చేసి, 58వ ఏట రిటైరయ్యారు. పదహారేళ్లుగా షుగరు, పదేళ్లుగా బీపీ. భార్య పోయి ఏడాదిన్నర. ఉండి అనే ఊరి దగ్గర పల్లెలో సొంత పెంకుటిల్లుంది, దానికి తాళం వేశారు. అప్పట్నుంచీ వంతులు: మూడు నెలలు భీమవరంలో పెద్దబ్బాయింట్లో, మూడు నెలలు హైదరాబాదులో చిన్నబ్బాయి ఫ్లాటులో. వంతులనగానే తిట్టుకోవడానికి సిద్ధపడకండి. ఇద్దరు కొడుకులూ తండ్రిని పోటీపడి చూసుకునేవాళ్లే. ఇద్దరూ విడివిడిగా మంచి డాక్టర్లకే చూపించారు. చిక్కంతా ఆ 'విడివిడిగా'లో ఉందని తర్వాత తెలిసింది.

ఏడాదిగా వస్తున్న మార్పులని పెద్దబ్బాయి చెప్పినవి: అడిగిన దానికి ఒకటి చెబితే ఇంకోటి చెబుతారు. ఫోన్ చేస్తే "ఆఁ, ఆఁ" అని పెట్టేస్తారు. పేపరు చదవడం మానేశారు. ఎప్పుడూ కునుకుపాట్లే. ఒకసారి ఏటీఎం దగ్గర పిన్ను మర్చిపోయారని కార్డు వీళ్లే తీసి దాచారు. "ఆ వయసులో మామూలేగానండీ" అని తనే సర్దుబాటు కూడా చేసుకున్నాడు. మామూలేం కాదు. మన దేశంలో 60 దాటినవాళ్ల మీద చేసిన లాసీ-డాడ్ సర్వేలో డిమెన్షియా, అంటే మతి క్షీణించే జబ్బు, ఉన్నవాళ్లు 7.4 శాతమని తేలింది. నూటికి తొంభైమందికి పైగా దాని జోలికి పోకుండానే ముసలివాళ్లవుతున్నారు. పేరు గుర్తుకు రావడానికి కాసేపు పట్టడం, రెండు పనులు ఒకేసారి చేయలేకపోవడం వయసుతో వచ్చేవే. మనిషి పూర్తిగా మారిపోయాడంటే మాత్రం వెనక ఏదో ఉన్నట్టు.

మొదటి విజిట్, నా తప్పులు

బయట పాతికమంది కూర్చునున్నారు. నేను మతిని అంచనా వేసే 30 మార్కుల ఎం.ఎం.ఎస్.ఇ. పరీక్ష పెట్టాను. పదకొండు నిమిషాల్లో ముగించాను. 19 వచ్చాయి. ఇవాళ తేదీ ఎంతని అడిగితే "ఏకాదశి వెళ్లి రెండ్రోజులైందండి" అన్నారు. సున్నా వేశాను. నూటిలోంచి ఏడేసి తీసుకుంటూ పొమ్మంటే రెండడుగుల్లో ఆగిపోయారు. చెప్పిన మూడు మాటల్లో ఒక్కటీ తిరిగి చెప్పలేదు. థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు బాగున్నాయి. ఎం.ఆర్.ఐ. రాశాను. మెదడు వయసుకు తగ్గట్టు కొంచెం కుంచించుకుందనీ, అక్కడక్కడ చిన్న తెల్లమచ్చలున్నాయనీ రిపోర్టు వచ్చింది. డెబ్బై దాటిన ఎవరి తల స్కాన్ తీసినా దాదాపు ఇదే రాస్తారు. అయినా దాన్ని సాక్ష్యంగా పట్టుకుని, డిమెన్షియాకిచ్చే డోనెపెజిల్ 5 మి.గ్రా. రాసి పంపించాను.

అంతకు ముందు ఏమేం మందులు వాడుతున్నారని అడక్కపోలేదు. "షుగరుకీ బీపీకీ అండీ" అన్నాడు కొడుకు. నేను అక్కడితో ఆగిపోయాను.

కోడలు తెచ్చిన సంచులు

ఐదు వారాలకు మళ్లీ వచ్చారు. ఈసారి ఇంకా దిగజారారు. విరేచనాలు, మాటిమాటికీ మూత్రం, బాత్రూంలో ఒకసారి పడ్డారు. నాడి నిమిషానికి 52. పెద్దబ్బాయి రొయ్యల పట్టుబడిలో ఉండటంతో కోడలు తీసుకొచ్చింది. ఇది ఆయన అదృష్టం, నా అదృష్టం కూడా.

ఆవిడ చెప్పింది నాలుగే మాటలు. "పొద్దున్న ఆరింటికి చూస్తే మావయ్యగారు మనిషి కాదండీ, చెమటలు పట్టేసి పిచ్చి చూపులు చూస్తారు. ఇడ్లీ తిన్న గంటకి మామూలైపోతారు. రోజుకో రకంగా ఉంటారండి. టీవీ పెడితే వీధి చివరిదాకా వినపడుద్ది." డిమెన్షియా ఇడ్లీ తింటే తగ్గదు. నెమ్మదిగా, నెలల మీద కిందికి దిగే జబ్బది. గంటగంటకీ మారే మతికి కారణాలు వేరే చోట వెతకాలి.

తర్వాత ఆవిడ రెండు గుడ్డసంచులు నా బల్ల మీద బోర్లించింది. ఒకటి భీమవరం సంచి, ఒకటి హైదరాబాదు సంచి. భీమవరం సంచిలో షుగరుకని మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసిన మాత్ర రెండు పూటలా. హైదరాబాదు సంచిలో గ్లిమెపిరైడ్ విడిగా ఒకటి, మెట్‌ఫార్మిన్ విడిగా ఒకటి. కంపెనీ పేర్లు వేరు, అట్టల రంగులు వేరు. కాబట్టి ఇంట్లోవాళ్ల లెక్కలో అవి వేర్వేరు మందులు. రోజూ అన్నీ వేస్తున్నారు. ఒక సంచిలో బీపీకని టెల్మిసార్టన్‌తో కలిపి నీరు పోయే మందు, ఇంకోదాంట్లో ఆమ్లోడిపిన్. అరికాళ్ల మంటలకూ నిద్రకూ అని రాత్రిపూట ఆమిట్రిప్టిలిన్ 25. ఎప్పుడో జలుబుకని మొదలుపెట్టి ఆపడం మర్చిపోయిన క్లోర్‌ఫెనిరమిన్. గ్యాసుకని ఆరేళ్లుగా పాంటొప్రజోల్. లెక్కపెడితే ఎనిమిది. తొమ్మిదోది నేను రాసింది.

ఆ తొమ్మిదో మందు గురించి చెప్పాలి. జ్ఞాపకానికి అవసరమైన అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని మెదడులో నిలబెట్టడానికి డోనెపెజిల్ వాడతాం. ఆమిట్రిప్టిలిన్, క్లోర్‌ఫెనిరమిన్ రెండూ అదే రసాయనం పనికి అడ్డుపడతాయి. ముసలివాళ్లకు వీలైనంతవరకూ ఇవ్వకూడని మందులంటూ 1991లో మార్క్ బీర్స్ అనే అమెరికన్ వైద్యుడు మొదలుపెట్టిన జాబితా ఒకటుంది, ఇప్పటికీ సవరిస్తూ వాడుతున్నారు. ఈ రెండూ అందులో ఉన్నాయి. అంటే పాత మందులు మూసేస్తున్న కుళాయిని నా మందుతో తెరవబోయాను. విరేచనాలూ, మూత్రం ఎక్కువవడం, నాడి తగ్గడం మాత్రం డోనెపెజిల్ సొంత కానుకలు.

యాభై ఏళ్ల మనిషికి సరిపోయే మోతాదు ఈయన ఒంట్లో ఎందుకు ఎక్కువైందో చెప్పడం కష్టం కాదు. వయసుతో కిడ్నీల వడపోత తగ్గుతుంది. ఒంట్లో నీటి పాలు తగ్గి కొవ్వు పాలు పెరుగుతుంది. దాంతో చాలా మందులు ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోతాయి. షుగరు పడిపోతున్నప్పుడు కుర్రవాళ్లకు గుండెదడ, వణుకు ముందే హెచ్చరిస్తాయి. పెద్దవాళ్లలో ఆ హెచ్చరికలు మందగించి, నేరుగా తికమకతోనే బయటపడుతుంది.

మందులు వేసే చెయ్యి మారిందన్నది మరో సంగతి. భార్య ఉన్నన్నాళ్లూ ఏ పూటవి ఆ పూట ఆయన అరచేతిలో పెట్టి, మింగేదాకా ఎదురుగా నిలబడేదట. ఆయనకు మందుల పేర్లు ఏనాడూ తెలియవు. తెలియాల్సిన అవసరమూ రాలేదు.

మళ్లీ మొదటినుంచి

కోడలికి గ్లూకోమీటరు ఇచ్చి రెండ్రోజులు తెల్లవారుజామున నాలుగింటికి చూడమన్నాను. 58, 63. రెండూ తక్కువే. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 5.8. షుగరున్న ఇరవయ్యేళ్ల కుర్రాడికైతే మెచ్చుకోవలసిన అంకె. ఇన్ని జబ్బులున్న 74 ఏళ్ల మనిషికి ఏడున్నర, ఎనిమిది మధ్య ఉన్నా నాకు హాయే.

బీ12 పరీక్షలో 138 పికోగ్రాములు వచ్చింది. రెండొందలకు తగ్గితే లోటు కింద లెక్క. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వేస్తే బీ12 ఒంటికి పట్టడం తగ్గుతుంది, గ్యాస్ మాత్ర దానికి తోడు. హిమోగ్లోబిన్ 11.2, ఎర్రకణాల సైజు పెరిగింది. ట్యూనింగ్ ఫోర్క్ మోగించి కాలి బొటనవేలు మీద పెడితే అదురు తెలియలేదు. అంటే ఆమిట్రిప్టిలిన్ దేనికోసం మొదలైందో ఆ అరికాళ్ల మంటలకు షుగరుతో పాటు బీ12 లోటు కూడా ఒక కారణమై ఉండాలి. ఒక మందు తెచ్చిన ఇబ్బందికి ఇంకో మందు వేస్తూ పోయామన్నమాట, అందరం కలిసి.

అప్పుడు చెవులు చూశాను. వెనక నిలబడి గుసగుసగా అంకెలు చెబితే ఒక్కటీ అందలేదు. లైటు వేసి చూస్తే రెండు చెవుల్లోనూ గులిమి గట్టిపడి బిరడాలా కూర్చుంది. చుక్కలు వేయించి, మూడోరోజు కడిగి తీశాం. తర్వాత ఆడియోమెట్రీ అనే వినికిడి పరీక్ష: కుడి చెవిలో లోటు 48 డెసిబెల్స్, ఎడమ చెవిలో 55. వయసుతో వచ్చే చెవుడులో ముందుగా పోయేది పై శ్రుతి. అచ్చులు వినపడతాయి, సకార తకారాలు జారిపోతాయి. "మాత్ర వేసుకున్నారా" అంటే ఆయనకు చేరేది "మా… ఏ… ఉన్నారా". దానికి "ఉన్నానండి" అని జవాబిస్తే, మతి పోయిందని మనం అనుకుంటాం. నా మొదటి పరీక్షలో ఆ మూడు మాటలూ ఆయన మర్చిపోలేదు. ఆయనకవి చేరనే లేదు.

ఒక పాత చిట్కా ఉంది. స్టెతస్కోపు రోగి చెవులకు పెట్టి, గుండె మీద పెట్టే కొసలో మనం మాట్లాడటం. ఆయన చెవులకు పెట్టి అదే పరీక్ష మళ్లీ చేశాను. మందులేవీ ఇంకా పూర్తిగా వదలకముందే 22 వచ్చాయి.

తిథి సంగతీ చూశాను. ఓపీ గోడ మీది క్యాలెండరులో వెనక్కి తిప్పితే, మొదటి విజిట్ రోజు నిజంగానే ఏకాదశి వెళ్లి రెండో రోజు. పాల లెక్కలన్నీ భార్య తెలుగు క్యాలెండరు మీదే రాసేది. ఆయనకు నెలలో రోజులు అలాగే గుర్తు. ప్రశ్నపత్రం ప్రకారం అది తప్పే, నేనిప్పుడు దాన్ని సరిదిద్దలేను. కానీ తిథి చెప్పినవాడికి కాలం మీద పట్టు పోయిందని నేనిక రాయను.

ఏడేసి తీసేయడం బదులు ఇంకోటి అడిగాను. "బాబాయ్ గారూ, ముగ్గురు పెద్దలు, ఇద్దరు పిల్లలు. ఫుల్ టికెట్టు పద్నాలుగు. యాభై ఇచ్చారు. చిల్లరెంత?" ఇరవై సెకన్లదాకా పట్టింది. తర్వాత నవ్వారు, రెండు విజిట్లలో మొదటిసారి. "చిల్లరెక్కడిది బాబూ, ఇంకో ఆరు మీరే ఇవ్వాలి." తప్పుగా వేసింది నేను. నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెబుతారంటే ఏడు చెప్పారు. భీమవరం నుంచి గుడివాడ దాకా ఊళ్లు చెప్పమంటే ఉండి, ఆకివీడు, కైకలూరు, ముదినేపల్లి పెద్ద స్టాపులతో మొదలుపెట్టి, రిక్వెస్టు స్టాపులూ వాటి పక్కనున్న చెట్లూ కూడా చెప్పారు. ఇది పరీక్ష కాదు, దీనికి మార్కుల్లేవు. అయినా వయసుతో ఏది నెమ్మదిస్తుందో, ఏది నిలుస్తుందో ఇంతకంటే తేటగా నాకెప్పుడూ కనపడలేదు. కొత్త సమాచారాన్ని పట్టుకునే వేగం ముప్పైల నుంచే మెల్లగా తగ్గుతుంది. ముప్పై ఏళ్లు నోటితో అరిగించుకున్న విద్య, మాటల సంపద డెబ్బైల్లోకి కూడా బాగానే వస్తాయి. టికెట్ మిషన్లు రాకముందు నడిచే బస్సులో చేసిన లెక్కలవి.

బాల్కనీ గురించి ఆయన్నే అడిగాను. అంతవరకూ ఎవరూ ఆయన్ని అడగలేదు. పల్లెలోని ఇంట్లో మరుగుదొడ్డి పెరట్లో, తూర్పు తలుపు తీస్తే ఎదురుగా ఉంటుంది. హైదరాబాదు ఫ్లాటులో మంచం దిగితే అటువైపే అద్దాల తలుపు. "పెరటి తలుపే కదా అనుకున్నా బాబూ. బయటికెళ్లాక నాలుగో అంతస్తని తెలిసింది. ఆపుకోలేకపోయాను." ఆమిట్రిప్టిలిన్ మత్తు, పడిపోయిన షుగరు, రెండు కళ్లలోనూ శుక్లాలు, మూడు నెలలకోసారి మారే బాత్రూం దిక్కు. ఇన్ని కలిసిన రాత్రి మీరైనా నేనైనా ఏ తలుపు తీసేవాళ్లమో.

ఒళ్లు

బరువు 54 కిలోలు, భార్య పోయాక ఆరు కిలోలు తగ్గారు. పిక్క చుట్టుకొలత 31 సెంటీమీటర్లు. ఆసియా దేశాల నిపుణులు 2019లో పెట్టుకున్న కొలత ప్రకారం మగవాళ్లలో 34 కంటే తగ్గితే కండ కరిగిపోతోందని అనుమానించాలి. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, వెనక్కొచ్చి కూర్చోవడానికి 19 సెకన్లు పట్టింది. పన్నెండు దాటితేనే పడిపోయే ముప్పుందని జాగ్రత్తపడతాం. పడుకున్నప్పుడు పై బీపీ 146, నిలబెట్టిన నిమిషానికి 120. ఇరవై తగ్గినా ఎక్కువే.

మనుషులు

15 ప్రశ్నల వృద్ధుల డిప్రెషన్ పట్టికలో 8 వచ్చాయి. దానికంటే నాకు పనికొచ్చింది ఇంకో ప్రశ్న: "నిన్న ఎంతమందితో మాట్లాడారు?" ఆయన ఆలోచించి చెప్పారు. "మనవడితో. వాడు సెల్లు చూసుకుంటూ ఊఁ అంటాడు." ముప్పై ఏళ్లు రోజుకు కొన్ని వందలమందితో గొంతెత్తి మాట్లాడిన మనిషి.

పెద్దవయసులో స్నేహాల వలయం చిన్నదవడం తప్పేమీ కాదు. మిగిలిన కాలం తక్కువని తెలిసినకొద్దీ మనుషులు పైపై పరిచయాలు వదిలి, దగ్గరివాళ్లనే ఉంచుకుంటారనీ, దానివల్ల సంతోషంగానే ఉంటారనీ లారా కార్‌స్టెన్‌సన్ అనే మనస్తత్వవేత్త సిద్ధాంతం. నేను చూసినంతలో అది నిజమే. కానీ అందులో ఏరుకునేది ఆ మనిషే. ఈయన విషయంలో ఏరింది ఇతరులు. డిపో దగ్గర టీ బడ్డీలో రోజూ సాయంత్రం కూర్చునే నలుగురు పాత స్టాఫు, పల్లెలో అరుగు, ఏటీఎం కార్డు ఒకటొకటిగా పోయాయి. ఆ ఏడాది పెన్షన్‌కి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వబోతే వేలిముద్ర పడలేదు. వయసుతో, పనితో వేళ్ల గీతలు అరిగిపోవడం మామూలే. ఇంట్లోవాళ్లు మాత్రం సరిగ్గా నొక్కడం కూడా రావట్లేదనుకున్నారు. "నేను బతికున్నానంటే మిషన్ నమ్మట్లేదు బాబూ" అన్నారు నాతో. తర్వాత మొహం చూపించి చేసే పద్ధతిలో పనైపోయింది.

ఏం చేశాం

డోనెపెజిల్, గ్లిమెపిరైడ్, క్లోర్‌ఫెనిరమిన్ ఆ రోజే ఆపాను. మెట్‌ఫార్మిన్ 500 చొప్పున రెండు పూటలకు తగ్గించాను. ఆమిట్రిప్టిలిన్ 25 నుంచి 10కి దించి నాలుగు వారాల్లో, పాంటొప్రజోల్ రోజు విడిచి రోజు చేసి నెలలో ఆపాం. బీపీ మందులోంచి నీరు పోయే భాగం తీసేశాను. బీ12 ఇంజక్షన్లు మొదట రోజు విడిచి రోజు, తర్వాత వారానికొకటి, తర్వాత నెలకొకటి. తొమ్మిది మందులు నాలుగయ్యాయి. మందులన్నీ ఒకే పుస్తకంలో, తెలుగులో, కంపెనీ పేరు పక్కన అసలు మందు పేరుతో కోడలే రాసింది. ఏ డాక్టరు దగ్గరికెళ్లినా ఆ పుస్తకం చూపించాకే కొత్తది రాయించుకోవాలని షరతు.

రోజుకు రెండు గుడ్లు, గట్టిపప్పు, చేప దొరికినరోజు చేప. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, పూటకోసారి. కుడికంటికి శుక్లం ఆపరేషన్ చేయించారు.

చెవి మిషన్ దగ్గర బాగా తిప్పలు పడ్డాం. మొదటి మూడు వారాలు సొరుగులోనే ఉంది. కుక్కర్ విజిల్ తలలో మేకు దిగినట్టుందన్నారు. ఏళ్లుగా నిశ్శబ్దానికి అలవాటైన మెదడుకు చప్పుళ్లన్నీ ఒక్కసారిగా వచ్చిపడితే అలాగే ఉంటుంది. రెండుసార్లు సౌండు సర్దించి, మొదట రోజుకు గంట, అదీ మనవడితో మాట్లాడేటప్పుడు మాత్రమే అని పెట్టాం. ఈలోగా చిన్నబ్బాయి హైదరాబాదు నుంచి ఫోన్ చేసి, కొత్త భాష నేర్చుకుంటే మెదడుకు మంచిదటగా, నాన్న ఫోన్లో యాప్ వేశానన్నాడు. అతను విన్నది ఎక్కడిదో నాకు తెలుసు. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను చూసి, రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రచురించింది. చదువురానివాళ్లలోనూ ఆ తేడా కనపడింది. కానీ అది జన్మంతా రెండు భాషల్లో బతికినవాళ్ల సంగతి. డిమెన్షియా ముప్పు పెంచే, మనం మార్చగలిగిన 14 కారణాలను లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో లెక్కగట్టింది. చెవుడు వాటిలో పెద్దవాటి సరసన ఉంది. యాప్ తీసేసి, ఆ సమయంలో వీడియో కాల్ చేసి నెమ్మదిగా, మొహం కనపడేలా మాట్లాడమన్నాను. వారానికి మూడుసార్లు చేస్తున్నాడు.

వంతుల మాట ఎత్తడానికి జంకాను. డాక్టరు ఇంటి పంచాయతీలోకి దిగకూడదంటారు. చివరికి ఇద్దరినీ ఫోన్లో కలిపి, తండ్రిని కూడా కూర్చోబెట్టి, ఎక్కడుంటారని ఆయన్నే అడిగాను. పల్లెలోని ఇంట్లో అన్నారు. ఒంటరిగా కుదరదని కొడుకులన్నారు, అది నిజమే. భీమవరంలోనే ఉండాలి, సంక్రాంతికి, వేసవి సెలవులకు పల్లె ఇల్లు తెరవాలి, హైదరాబాదుకు పెళ్లిళ్లకూ పేరంటాలకే వెళ్లాలని తేల్చుకున్నారు. పెద్దకోడలి మీద ఏడాది పొడుగునా బరువు పడింది కాబట్టి, చిన్నబ్బాయి ఇంటిపనికి మనిషిని పెట్టి డబ్బు పంపుతున్నాడు. అది అడిగి పెట్టించింది ఆవిడే, నేను కాదు. ఏటీఎం కార్డు తిరిగి ఇచ్చారు. పాల లెక్క, కరెంటు బిల్లు ఆయనవి.

తర్వాత

ఆరు వారాలకు తెల్లవారుజాము చెమటలు పోయాయి. నాలుగు నెలలకు ఎం.ఎం.ఎస్.ఇ. 25, డిప్రెషన్ పట్టికలో 4, నడక 13 సెకన్లు, బరువు 57. వారానికి నాలుగు సాయంత్రాలు టీ బడ్డీకి వెళుతున్నారు. అరికాళ్ల మంటలు తగ్గాయి గానీ పోలేదు.

అయితే అంతా వెనక్కి రాలేదు. చెప్పిన మూడు మాటల్లో ఐదు నిమిషాల తర్వాత ఒకటే గుర్తుంటోంది, ఇప్పుడు చక్కగా వినపడుతున్నా సరే. కరెంటు బిల్లు ఒక నెల రెండుసార్లు కట్టేశారు. విజయవాడలో న్యూరాలజిస్టు దగ్గర తెలుగులో వివరంగా పరీక్షలు చేయించాం. జ్ఞాపకశక్తిలో తేలికపాటి తగ్గుదల, రోజువారీ పనులకు అడ్డం లేదని రాశారు. ఇది అలాగే ఉండిపోవచ్చు, కొన్నేళ్లలో డిమెన్షియాగా మారనూవచ్చు. ఆ మాట కొడుకులకే కాదు, ఆయనకూ చెప్పాను, మిషన్ పెట్టుకుని ఉన్నప్పుడు. "మారితే అప్పుడు చూద్దాం లెండి" అన్నారు. ఏడాదికి మళ్లీ చూస్తే 24. ఒక్క మార్కు తేడాకు అర్థాలు వెతకడం లేదు. ఆరు నెలలకోసారి రమ్మన్నాను.

ఇప్పుడు మా మధ్య ఒక్కటే తగువు. పల్లె ఇంట్లో ఆయన పాత టీవీఎస్ ఫిఫ్టీ ఉంది. బాగుచేయించి డిపోదాకా తోలతానంటున్నారు. ఎడమకంటికి ఇంకా ఆపరేషన్ కాలేదు, వెనకనుంచి లారీ హారన్ ఏ వైపునుంచో పోల్చుకోలేకపోతున్నారు. వద్దన్నాను. "ముప్పై ఏళ్లు బస్సులో నిలబడి తిరిగానండీ, ఒక్కసారి పడలేదు" అని, చీటీ తీసుకోకుండానే లేచి వెళ్లిపోయారు. కోడలు వెనక్కొచ్చి పట్టుకెళ్లింది.